పులికాట్ తీరంలో సముద్రమట్టపు మార్పులు

పులికాట్ తీరం ఆంధ్ర ప్రదేశ్ దక్షిణపు కొసన, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న బంగాళాఖాతపు తీరభాగం. పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి, వాటి చుట్టూ ఉన్న ఇసుకమేటలు, ఉప్పునేలలు ఈ తీరంలోని ముఖ్యమైన భూస్వరూపాలు. ఇవన్నీ గత కొన్ని వేల సంవత్సరాలలో సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ రావటం వలన ఏర్పడినవే. పులికాట్ సరస్సు ఒడిషాలోని చిలికా తరువాత భారతదేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. స్థానికులు దీనిని ప్రళయకావేరి అని కూడా పిలుస్తారు. ప్రస్తుతం సముద్రమట్టం మరల పెరుగుతున్నందున ఈ తీరపు భవిష్యత్తు, దానిపై ఆధారపడిన మత్స్యకారుల జీవనం శాస్త్రజ్ఞుల పరిశీలనలో ఉన్నాయి.

భౌగోళిక స్థితి

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు సముద్రతీరం లేదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు, నెల్లూరు జిల్లాలలోని కొన్ని ప్రాంతాలను కలిపి తిరుపతి జిల్లాను ఏర్పరచారు. అప్పటివరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట ప్రాంతాలు అందులో చేరాయి. ఆ విధంగా శేషాచలం కొండలు, బంగాళాఖాతపు తీరం ఒకే జిల్లా పరిధిలోకి వచ్చాయి.

పాలనాపరంగా ఈ కలయిక కొత్తదే గాని, ప్రకృతి పరంగా కొండలకూ తీరానికీ సంబంధం చాలా పాతది. పూర్వపు చిత్తూరు జిల్లా కొండలలో పుట్టిన కాళంగి, ఆరణి నదులు పులికాట్ సరస్సులో కలుస్తాయి. కాళంగి సూళ్ళూరుపేట మీదుగా సరస్సును చేరుతుంది. ఆరణి నది పిచ్చాటూరు వద్ద ఉన్న జలాశయాన్ని దాటి, తమిళనాడులో ప్రవేశించి, సరస్సు దక్షిణపు కొసన కలుస్తుంది. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి పరిసరాలు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ప్రవహించి సరస్సుకు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. ఈ నదులు మోసుకువచ్చిన ఇసుక, ఒండ్రుమట్టి తీరాన్ని నిర్మించటంలో పాలుపంచుకొన్నాయి.

సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. వెడల్పు కొన్ని చోట్ల కొద్ది వందల మీటర్లు మాత్రమే కాగా, ఎక్కువ వెడల్పు ఉన్నచోట 17 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సరస్సులో అధికభాగం ఆంధ్ర ప్రదేశ్‌లోను, దక్షిణభాగం తమిళనాడులోను ఉన్నది. లోతు చాలా తక్కువ, సగటున ఒక మీటరు మాత్రమే. అందువలన నీటిమట్టం ఒక అడుగు హెచ్చినా తగ్గినా సరస్సు విస్తీర్ణంలో పెద్ద మార్పు కనిపిస్తుంది. సముద్రానికి, సరస్సుకు నడుమ శ్రీహరికోట దీవి పొడవైన ఇసుకకట్ట వలె నిలిచి ఉన్నది. ఇటువంటి దీవులను అవరోధ దీవులు అంటారు.

ప్రాచీన సముద్రాల ఆనవాళ్ళు

ఈ ప్రాంతపు రాళ్ళలో చాలా పురాతనమైన సముద్రాల గుర్తులు ఉన్నాయి. తిరుమల కొండలలోని నగరి క్వార్ట్‌జైట్ రాళ్ళు కడప శిలాసముదాయానికి చెందినవి. నూట అరవై కోట్ల సంవత్సరాల క్రితం లోతు తక్కువ జలాలలో పేరుకొన్న ఇసుక గట్టిపడి ఈ రాళ్ళుగా మారింది. తిరుమల కనుమదారిలో ఈ రాళ్ళు వాటికంటే ఎంతో పాతవైన గ్రానైట్ రాళ్ళపై పరచుకొని ఉండటం కనిపిస్తుంది. ఈ రెంటి నడుమ కోట్ల సంవత్సరాల కాలానికి సంబంధించిన పొరలు లేవు. దీనిని ఎపార్కియన్ అసంగతి అంటారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది.

తూర్పున సత్యవేడు పరిసరాలలో గులకరాళ్ళతో కూడిన ఇసుకరాతి పొరలు ఉన్నాయి. భూవిజ్ఞానులు వీటికి ఆ ఊరి పేరే పెట్టారు. ఇవి క్రెటేషియస్ యుగపు ఆరంభకాలానికి చెందినవి. భారత భూభాగం అంటార్కిటికా నుండి విడిపోయి తూర్పుతీరం రూపుదిద్దుకొంటున్న కాలం అది. ఈ ఉదాహరణలు కోట్ల సంవత్సరాల కాలానికి చెందినవి. నేటి తీరాన్ని తీర్చిదిద్దిన మార్పులు మాత్రం గత ఇరవై వేల సంవత్సరాలలో జరిగినవి.

మంచుయుగం తరువాత

సుమారు 20,000 సంవత్సరాల క్రితం చివరి మంచుయుగం తీవ్రస్థాయిలో ఉండేది. భూమిపై ఉన్న నీటిలో కొంతభాగం ఖండాలపై మంచుగా గడ్డకట్టినందున ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పటి తీరరేఖ నేటి శ్రీహరికోటకు కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పున, ఖండపు తీరపుటంచు వద్ద ఉండేది. నేడు సముద్రం కింద ఉన్న ఆ మైదానం మీదుగా నదులు ప్రవహించేవి.

తరువాత వాతావరణం వేడెక్కి మంచు కరగటంతో సముద్రం వేగంగా పెరిగింది. సుమారు 7,000 సంవత్సరాల క్రితం వరకు ఈ పెరుగుదల కొనసాగి, తరువాత నెమ్మదించింది. భారతదేశపు తూర్పుతీరంలో ఆ కాలం తరువాత సముద్రమట్టం నేటికంటే కొంత ఎక్కువ ఎత్తుకు చేరి, ఆ పిమ్మట తగ్గినట్లు పలు పరిశోధనలు సూచిస్తున్నాయి. అప్పుడు సముద్రపు నీరు నేటి సరస్సు పడమటి గట్టును దాటి లోపలికి వ్యాపించింది.

దీనికి ఆధారాలు మూడు రకాలు:

* పాత ఇసుకమేటలు: తీరానికి సమాంతరంగా, సముద్రానికి దూరంగా వరుసలుగా ఉన్న ఇసుకమేటలు ఒకప్పటి తీరరేఖలను సూచిస్తాయి. సముద్రం వెనుకకు తగ్గినకొద్దీ ఒకదాని తరువాత ఒకటిగా ఇవి ఏర్పడ్డాయి.
* గుల్లల పొరలు: సరస్సు అడుగున, గట్ల వెంబడి బురద కింద ఆలుచిప్పలు, ఇతర గుల్లలు పొరలుగా ఉన్నాయి. ఈ గుల్లలను తవ్వి తీసి సున్నం కాల్చేవారు. సముద్రంతో రాకపోకలు బాగా ఉన్న నీటిలో పెరిగిన జీవుల అవశేషాలివి.
* పుప్పొడి: సరస్సు పరిసరాలలో లోతునుండి తీసిన మట్టిపొరలలో మడ చెట్ల పుప్పొడి, కుళ్ళిన వృక్షపదార్థం లభించాయి. నేడు ఇక్కడ మడచెట్లు అక్కడక్కడ మాత్రమే ఉన్నాయి. కొన్ని వేల సంవత్సరాల క్రితం విస్తారమైన మడ అడవులు ఉండేవని దీనినిబట్టి తెలుస్తున్నది.

సరస్సు ఏర్పడిన విధానం

సముద్రపు పెరుగుదల నెమ్మదించిన తరువాత అలలు, తీరప్రవాహాలు ఇసుకను తీరం వెంబడి మోసి, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఇసుకతిన్నెలుగా పేర్చాయి. అవి క్రమంగా పొడవు పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, లోపలి నీటిని సముద్రం నుండి వేరుచేశాయి. ఆ తిన్నెల సముదాయమే శ్రీహరికోట. దాని వెనుక చిక్కుకొన్న లోతు తక్కువ నీటిభాగమే పులికాట్ సరస్సు. ఇరకం, వేనాడు వంటి దీవులు ఈ సరస్సులో ఉన్నాయి.

ఇటువంటి సరస్సులు భౌగోళిక కాలమానంలో తాత్కాలికమైనవి. ఒకవైపు నదులు మట్టిని తెచ్చి నింపుతాయి. మరొకవైపు గాలి, అలలు ఇసుకను లోనికి నెడతాయి. సముద్రమట్టం స్థిరంగా ఉంటే సరస్సు క్రమంగా పూడి ఉప్పునేలగాను, ఆ తరువాత మైదానంగాను మారుతుంది. సముద్రమట్టం పెరిగితే అవరోధ దీవి కోతకు గురై భూమివైపుకు జరుగుతుంది, లేదా తెగిపోతుంది. పులికాట్ వద్ద ఈ రెండు ప్రక్రియలు ఏకకాలంలో పనిచేస్తున్నాయి.

ముఖద్వారాలు

సరస్సు ప్రాణమంతా ముఖద్వారాలలో ఉన్నది. ఉత్తరాన తూపిలిపాళెం, మధ్యలో రాయదొరువు, దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు వద్ద సరస్సుకు సముద్రంతో సంబంధం ఉండేది. పోటు సమయంలో ఉప్పునీరు, దానితోపాటు చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఈ ద్వారాల గుండా లోనికి వస్తాయి. పాటు సమయంలో సరస్సులోని నీరు, మట్టి బయటకు పోతాయి. ఈ తీరంలో పోటుపాట్ల వ్యత్యాసం సుమారు ఒక మీటరు మాత్రమే కాబట్టి, ద్వారాలను శుభ్రంగా ఉంచగల ప్రవాహబలం తక్కువ. వర్షాకాలంలో నదుల వరద తోడైనపుడే ఇసుక కొట్టుకుపోతుంది. నదులపై ఆనకట్టలు, చెరువులు నిర్మించినందున, వానలు తగ్గిన సంవత్సరాలలో ఆ వరద కూడా చాలదు.

ఆంధ్ర ప్రదేశ్ వైపున్న తూపిలిపాళెం, రాయదొరువు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయాయి. దీనివలన ఉత్తరభాగంలో వేసవిలో నీరు ఇంకిపోయి నేల బీటలువారుతుంది. మిగిలిన నీటిలో ఉప్పుసాంద్రత సముద్రపు నీటికంటే ఎక్కువ అవుతుంది. వర్షాకాలంలో అదే నీరు దాదాపు మంచినీరుగా మారుతుంది. ఇంతటి హెచ్చుతగ్గులను తట్టుకొనగల చేపజాతులు కొద్ది మాత్రమే. తడ వద్ద భీములవారిపాళెం రేవు నుండి ఇరకం దీవికి పడవలపైనే రాకపోకలు జరుగుతాయి. నీరు తగ్గినపుడు పడవలు నడపటం కష్టమవుతుంది. పూడిక తీసి ముఖద్వారాలను తెరవాలని మత్స్యకారులు చాలాకాలంగా కోరుతున్నారు. ఇందుకు ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి.

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రహదారి కట్ట కూడా నీటి కదలికను కొంత అడ్డుకొంటున్నది. కట్ట కింద తూములు ఉన్నప్పటికీ, ఉత్తర దక్షిణ భాగాల నడుమ నీరు పూర్వంవలె స్వేచ్ఛగా పారదు.

చిలికా సరస్సు ఈ విషయంలో పోల్చదగినది. అక్కడ కూడా ముఖద్వారం పూడి, ఉప్పుసాంద్రత తగ్గి, మత్స్యసంపద క్షీణించింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ద్వారం తవ్విన తరువాత చేపల ఉత్పత్తి తిరిగి పెరిగింది. అయితే తవ్విన ద్వారం శాశ్వతం కాదు. అలలు ఇసుకను మోస్తున్నంతకాలం ద్వారం మరల జరగటం, పూడటం సహజం.

ప్రస్తుత పెరుగుదల

1901 నుండి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం తన ఆరవ నివేదికలో పేర్కొన్నది. 1901-1971 నడుమ సంవత్సరానికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం 2006-2018 నడుమ 3.7 మిల్లీమీటర్లకు చేరింది. వేడికి సముద్రపు నీరు వ్యాకోచించటం, హిమానీనదాలు, గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలలోని మంచు కరగటం దీనికి ముఖ్యకారణాలు.

ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993-2017 నడుమ పెరుగుదల సంవత్సరానికి 3.3 మిల్లీమీటర్లుగా అంచనా వేయబడింది. తీరంలోని రేవుల వద్ద పోటుమాపకాల దీర్ఘకాలిక లెక్కలు చాలాచోట్ల ఇంతకంటే తక్కువగా ఉన్నాయి. భారత ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం వివిధ రేవులలో సంవత్సరపు సగటు పెరుగుదల ఇలా ఉన్నది:

* చెన్నై: 0.33 మిల్లీమీటర్లు
* విశాఖపట్నం: 0.97 మిల్లీమీటర్లు
* ముంబై: 0.74 మిల్లీమీటర్లు
* డైమండ్ హార్బర్, పశ్చిమ బెంగాల్: 5.16 మిల్లీమీటర్లు

ఈ తేడాలకు కారణాలు రెండు. మొదటిది, ఈ సగటులు 2005 వరకు లేదా అంతకు ముందువరకు గల దశాబ్దాలవి కాగా ఉపగ్రహపు లెక్కలు ఇటీవలి కాలానివి. రెండవది, పోటుమాపకం నేలపై నిలిపి ఉంటుంది. నేల కుంగితే సముద్రం అదనంగా పెరిగినట్లు, నేల పైకి లేస్తే తక్కువగా పెరిగినట్లు చూపుతుంది. డైమండ్ హార్బర్ వద్ద గంగా డెల్టా నేల కుంగటమే పెద్ద అంకెకు ముఖ్యకారణం. పై జాబితాలో పులికాట్‌కు అతి సమీపంలోని పోటుమాపకం చెన్నైలోనిదే.

ఈ శతాబ్ది చివరికి ప్రపంచ సగటు సముద్రమట్టం, 1995-2014 నాటి సగటుతో పోలిస్తే, కర్బన ఉద్గారాలు చాలా తగ్గితే 28 నుండి 55 సెంటీమీటర్లు, మిక్కిలి ఎక్కువైతే 63 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వరకు పెరగవచ్చునని పై నివేదిక అంచనా వేసింది. సగటు లోతే ఒక మీటరుగా ఉన్న సరస్సుకు ఇది చిన్న సంఖ్య కాదు.

తీరంపై ప్రభావాలు

తీరపు కోత

ఇసుకతీరం వద్ద సముద్రం కొద్దిగా పెరిగినా తీరరేఖ దానికి పదుల రెట్లు వెనుకకు జరగగలదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990-2018 నాటి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, భారతదేశపు ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం, ఆంధ్ర ప్రదేశ్ తీరంలో 28.7 శాతం కోతకు గురైనట్లు తేల్చింది. అయితే కోతకు సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. ఈ తీరంలో సంవత్సరం మొత్తం మీద ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి కట్టిన అడ్డుగోడ ఏదైనా ఈ కదలికను ఆపి, దక్షిణాన మేటను, ఉత్తరాన కోతను కలిగిస్తుంది. చెన్నై రేవు కట్టిన తరువాత దానికి దక్షిణాన మెరీనా ఇసుకతీరం విస్తరించటం, ఉత్తరాన రాయపురం వైపు కోత రావటం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పులికాట్‌కు దక్షిణాన ఉన్న ఎన్నూరు రేవు 2001లో ప్రారంభమైంది.

శ్రీహరికోటలోని సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రపు ప్రయోగవేదికలు సముద్రానికి చేరువలో ఉన్నాయి. 1969లో రాకెట్ ప్రయోగాలకు ఎంపిక కావటానికి తూర్పున విశాలమైన సముద్రం ఉండటం ముఖ్యకారణం. అదే సామీప్యం వలన తీరపు కోత అక్కడ పట్టించుకోవలసిన సమస్య అయింది. కేంద్రం ఏర్పాటు సమయంలో దీవిలోని యానాదులు తదితర నివాసులు సరస్సు ఆవలి గట్టుకు తరలవలసి వచ్చింది. ఆ కుటుంబాలలో చాలామంది నేడు సరస్సుపైనే ఆధారపడి ఉన్నారు.

ఉప్పెనలు

1984 నవంబరులో తీవ్ర తుఫాను శ్రీహరికోట సమీపంలో తీరం దాటింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కూడా ఈ తీరాన్ని తాకింది. సముద్రమట్టం పెరిగినకొద్దీ అదే బలంగల తుఫాను పూర్వంకంటే ఎక్కువ దూరం నీటిని లోనికి నెడుతుంది. సూళ్ళూరుపేట, తడ మండలాలలోని నేల చాలా పల్లంగా, దాదాపు సమతలంగా ఉన్నందున ఈ ప్రమాదం అధికం. భారీవర్షాల సమయంలో ముఖద్వారాలు పూడి ఉంటే కాళంగి వరద సముద్రంలోకి సులభంగా పోలేక గట్లపై ఉన్న పొలాలలో నిలుస్తుంది.

మంచినీరు

తీరపు ఇసుకనేలలలో ఉప్పునీటిపై మంచినీరు పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు ఉండగలదని భూగర్భజల శాస్త్రపు సూత్రం. అనగా పైమట్టం కొద్దిగా తగ్గినా కిందినుండి ఉప్పునీరు చాలా ఎత్తుకు చొచ్చుకు వస్తుంది. ఈ విషయాన్ని తీరవాసులు అనుభవంతో గ్రహించి, లోతైన బావులకు బదులు ఇసుకలో లోతు తక్కువ గుంటలు తవ్వి పై నీటిని మాత్రమే తోడుకొనేవారు. ఈ గుంటలను దొరువులు అంటారు. రాయదొరువు అనే పేరులోను ఈ పదమే ఉన్నది. విద్యుత్ మోటార్లతో లోతునుండి తోడటం, రొయ్యల చెరువులలో ఉప్పునీరు నిలపటం వలన దొరువుల నీరు కూడా ఉప్పగా మారే అవకాశమున్నది.

పక్షులు

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1976లో సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. శీతాకాలంలో వేల సంఖ్యలో ఫ్లెమింగోలు ఇక్కడకు వస్తాయి. ఇవి మోకాటిలోతు నీటిలో నిలిచి బురదలోని చిన్న జీవులను తింటాయి. సమీపంలోని నేలపట్టులో గూడబాతులు చెట్లపై గూళ్ళు కట్టి, ఆహారానికి సరస్సుకు వస్తాయి. నీరు పూర్తిగా ఎండినా, లోతు బాగా పెరిగినా ఫ్లెమింగోలకు మేత దొరకదు. సరస్సు పడమటివైపుకు విస్తరించటానికి చోటు ఉంటే కొత్త బురదనేలలు ఏర్పడగలవు. కాని గట్ల వెంబడి రహదారులు, చెరువులు, కట్టడాలు ఉన్నందున ఆ అవకాశం తక్కువ.

రక్షణ చర్యలు

తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు 1991లో మొదటిసారి ప్రకటించబడి, 2011, 2019 సంవత్సరాలలో మార్చబడ్డాయి. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం తీరపు దుర్బలత్వాన్ని సూచించే పటాలు తయారుచేసింది. నేల ఎత్తు, వాలు, భూస్వరూపం, తీరరేఖ మార్పు, సముద్రమట్టపు మార్పు, పోటుపాట్ల వ్యత్యాసం, అలల ఎత్తు అనే ఏడు అంశాలు వీటికి ఆధారం. 2007 నుండి ఈ కేంద్రమే సునామీ హెచ్చరికలను జారీచేస్తున్నది.

పులికాట్ విషయంలో నిపుణుల సూచనలు ప్రధానంగా ఇవి: ముఖద్వారాలను ఒక్కసారి తవ్వి వదలక క్రమం తప్పకుండా నిర్వహించటం, రహదారి కట్టకింద నీటిదారులను పెంచటం, తీరపు ఇసుకమేటలను, వాటిపై చెట్లను కాపాడటం, అనువైన చోట్ల మడచెట్లను తిరిగి పెంచటం, నదుల నుండి ఇసుక తవ్వకాన్ని అదుపుచేయటం. చివరి అంశం తీరానికి దూరంగా ఉన్న మెట్టప్రాంతాలకు సంబంధించినది. తీరానికి చేరవలసిన ఇసుక నదీగర్భంలోనే తవ్వబడితే ఆ లోటును సముద్రం తీరం నుండే తీర్చుకుంటుంది.

కాలక్రమం

* సుమారు 20,000 సంవత్సరాల క్రితం: సముద్రమట్టం నేటికంటే సుమారు 120 మీటర్లు దిగువన
* సుమారు 7,000 సంవత్సరాల క్రితం: వేగవంతమైన పెరుగుదల ముగింపు
* తరువాతి కాలం: సముద్రం వెనుకకు తగ్గటం, శ్రీహరికోట ఇసుకతిన్నెలు, సరస్సు ఏర్పడటం
* 1613: పళవేర్కాడులో డచ్చివారి గెల్డ్రియా కోట
* 1969: రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోట ఎంపిక
* 1976: ఆంధ్ర ప్రదేశ్ భాగంలో పక్షుల అభయారణ్యం
* 1984: శ్రీహరికోట తుఫాను
* 2004: సునామీ
* 2022: తిరుపతి జిల్లా ఏర్పాటు

సాహిత్యంలో

స.వెం.రమేశ్ రచించిన ప్రళయకావేరి కథలు ఈ సరస్సు దీవులలోని జీవితాన్ని అక్కడి తెలుగు మాండలికంలో చిత్రించాయి.

ఇవి కూడా చూడండి

* పులికాట్ సరస్సు
* శ్రీహరికోట
* నేలపట్టు
* స్వర్ణముఖి నది
* చిలికా సరస్సు
* ఉప్పాడ
* బకింగ్‌హాం కాలువ